దూది తిన్న సింహాలు

మా ఇంట్లో గ్యాస్ సిలిండరుకు మఖమల్ తొడుగు ఉంది. అంచు చుట్టూ బంగారు జరీ, మెడ దగ్గర రెండు కుచ్చులు. మొదట్లో అది ఆకుపచ్చది. సిలిండరు దించడానికి కొత్తగా వచ్చినాయన వంటగది గడప దగ్గర దాన్ని చూసి చెప్పులు విప్పేశాడు. భుజం మీది తువ్వాలు తలకు చుట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంట్లో ఏదో దర్గా ఉందనుకున్నాడు పాపం. ఆ ఆకుపచ్చ తొడుగు వెంటనే తీసెయ్యమని మా ఆవిడకు గట్టిగా చెప్పాను. తీసేసింది. మర్నాటికి మెరూన్ రంగు మఖమల్ వచ్చింది. రెండు కుచ్చులు కాస్తా నాలుగయ్యాయి.

మాది వాకాడు మండలంలో సముద్రం వైపు ఊరు. తాతల నాటి నుంచి దూది ఏకి పరుపులు కుట్టే వాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఖురాను చదివేది అరబీలో. చిన్నప్పుడు నన్ను మదరసాలో వేశారు. అక్కడ నేర్చుకున్నది ఈ రోజుకీ నా చేతికర్ర. ఐదు పూటలా మసీదులో ముందు వరుసలో ఉంటాను. మసీదులో నమాజు చేయించే హజరత్ గారు ఊళ్ళో లేనప్పుడు ఆ పని నేనే చూస్తాను. ఇల్లంటే నా లెక్కలో సున్నం కొట్టిన గోడ, కొబ్బరి పీచు చాప, మూత పెట్టిన నీళ్ళ కుండ, నమాజు వేళలు రాసిన కాగితం. అంతకు మించి ఏది ఉన్నా నా కంటికి బరువుగా ఉంటుంది.

మా ఆవిడ కంటికి బరువు లేకపోతే నిద్ర పట్టదు. ఇందులో ఆమె తప్పు లేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె మా కొట్టులో కుట్టుమిషను ముందే కూర్చుంది. పెళ్ళి స్టేజీల మీద వధూవరులు కూర్చునే సోఫాల గద్దెలు, రొయ్యల గుంటల వాళ్ళ కొత్త ఇళ్ళకు కావలసిన బాలీసులు, కర్టెన్లు, వాటికి వేలాడే గంటల్లాంటి కుచ్చులు, అన్నీ ఆమె చేతి మీదుగా పోయినవే. పగలంతా ఊరివాళ్ళ కింద బంగారు రంగు మఖమల్ పరిచి, సాయంత్రం వెనక గదిలోకొచ్చి నా పీచు చాప మీద కూర్చునేది. మిగిలిన ముక్కలతోనే సిలిండరుకు తొడుగు కుట్టింది, మిక్సీకి అంగీ కుట్టింది, రిమోటుకు జరీ సంచి కుట్టింది. ఒకసారి నేను నమాజు చదివే జానమాజు గుడ్డ అంచుకు కూడా మెరుపుల లేసు వేసింది. సజ్దాలో నుదురు ఆనించగానే కళ్ళలో చమక్కుమంది. విప్పించాను.

"మన ప్రవక్త గారు చాప మీద పడుకుంటే ఒంటి మీద చాప అచ్చులు పడేవి, తెలుసునా?" అన్నాను ఆ రోజు.

"తెలుసు. నీ నోటనే విన్నా," అంది. "ఆ అచ్చులు చూసి పక్కనున్నోళ్ళు ఏమన్నారో అది గూడా చెప్పు. మెత్తటి పక్క ఏసి పెడతాం అన్నారా లేదా? మనం పక్కలేసేవోళ్ళమే గదయ్యా. మన పని మనం చేసుకోవద్దా?"

ఆయన ఆ మెత్తటి పక్క వద్దన్నారని చెప్పబోయాను. అప్పటికే మిషను తొక్కడం మొదలుపెట్టింది. మిషను చప్పుడులో వాదన గెలిచినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఇవన్నీ పైపై ముచ్చట్లు. ఆమె మనసులో అసలు కోరిక వేరే ఉంది. నెలకోసారి మా వీధుల్లో ఆడవాళ్ళ ఇజ్తెమా జరుగుతుంది. మతవిద్య పూర్తిగా చదువుకున్న ఒక ఆపా నెల్లూరు నుంచి బస్సులో వస్తుంది. ఎవరో ఒకరి ఇంటి హాల్లో ఆడవాళ్ళంతా చేరతారు. ఆపా ధర్మబోధ, మా మాటలో బయాన్, చేస్తుంది, తర్వాత అందరూ కలిసి అసర్ నమాజు, అంటే సాయంకాలపు నమాజు చదువుతారు. ఇజ్తెమా ఎవరింట్లో జరిగినా చాపలు, దిండ్లు మా ఇంటి నుంచే వెళ్ళేవి. నెత్తిన పెట్టుకుని మోసేది మా ఆవిడే. మా ఇంట్లో మాత్రం ఒక్కసారీ జరగలేదు. మా ముందు గది పరుపుల పని గది. గాలి నిండా దూదే. తుమ్మకుండా ఎవరూ సలాం చెప్పలేరు.

"నా దిండ్లు అందరిళ్ళకీ పొయ్యొచ్చినాయి. ఆపా మాత్రం మనింటికి రాలా," అనేది అప్పుడప్పుడు. ఆ మాట అన్న రోజు కూర నోటికి చప్పగా తగిలేది.

పోయిన ఏడాది కొట్టును బస్టాండు రోడ్డుకు మార్చాం. ముందు గది ఖాళీ అయింది. బూజు దులిపి, కడిగి, సున్నం వేయించాను. నాకు ఆ గది చల్లగా, విశాలంగా కనిపించింది. మా ఆవిడకు ఒట్టి ఖాళీగా కనిపించింది. ఆ నెలాఖరు శనివారం ఇజ్తెమా మా ఇంట్లోనేనని ఆమె అప్పటికే ఊరంతా చెప్పేసింది. ఇక ఆపాకు తగిన ఆసనం ఒకటి కావాలంది. కుర్చీ అంటే సరిపోదు, ఆసనమట.

సరిగ్గా అప్పుడే చిల్లకూరు దగ్గర హైవే పక్కన షామియానా సామాను అద్దెకిచ్చే ఆయన ఫోన్ చేశాడు. ఆయన మహారాజా సోఫా గద్దెలు ఎన్నో ఏళ్ళుగా మా ఆవిడే కుడుతోంది.

"అక్కా, ఇప్పుడు పెళ్ళికొడుకులు బంగారు రంగంటేనే మొహం తిప్పుకుంటుండారు. అంతా తెల్లది కావాలంట, వెండిది కావాలంట. దీన్ని నేను యాడ పెట్టుకునేది? మీరు కుట్టిందే గదా, మీరే తీస్కపోండి. ఊరికే ఇస్తుండా."

ఇక్కడే మా వాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు జరిగింది. ఆ సోఫా మాకు గద్దెల ద్వారానే తెలుసు. దాని కొలత తెలుసు, దాని స్పాంజి లావు తెలుసు, పెళ్ళికూతురు కూర్చునే వైపు ఎంత నలుగుతుందో తెలుసు. చిరిగినప్పుడల్లా కొట్టుకు వచ్చింది గద్దెలే. చెక్కసామాను మేమెప్పుడూ చూడలేదు. చూడాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. గద్దె తెలిస్తే సోఫా తెలిసినట్టేనని పరుపుల వాళ్ళకు తప్ప ఇంకెవరికి అనిపిస్తుంది?

ట్రాలీ ఆటోలో గోనెపట్టాలు చుట్టుకుని అది ఊళ్ళోకి వచ్చింది. బయటికి కనిపించింది రెండు బంగారు కాళ్ళే. ఆటో వెనకాల ఊరు సగం నడిచింది.

"ఎవురి పెళ్ళన్నా?" అని అడిగాడు టీ కొట్టాయన.

"పెళ్ళి లేదబ్బా."

"మరి ఎవురు కూచ్చునేదానికి?"

ఆటోను ఇంటి ముందు ఆపించి, మగవాళ్ళందరం పట్టి సోఫా దించాం. గుమ్మంలోంచి పట్టలేదు. అడ్డంగా తిప్పాం, నిలువుగా తిప్పాం, ఏటవాలుగా తిప్పాం. చివరికి వీధి కిటికీ ఊచల చట్రాన్ని కోయించి అందులోంచి దూర్చాం. నాలుగు గోడల్లో ఒకదానికి గుమ్మం, ఒకదానికి కిటికీ, ఒకదానికి అల్మరా, వెనక గది దారి. మిగిలిన గోడకు ముందుకు పొడుచుకొచ్చిన రెండు స్తంభాల మధ్య అది అటూ ఇటూ ఇంచు మిగలకుండా అతికినట్టు సరిపోయింది. ఆ గోడ కోసమే పుట్టిందంది మా ఆవిడ. వీధి వైపు కిటికీ తెరిచి ఉంచలేం కాబట్టి వెల్డింగు ఆయన అప్పటికప్పుడే ఊచలు మళ్ళీ అతికించేసి, పడవల పనుందని జువ్వలదిన్నె హార్బరుకు వెళ్ళిపోయాడు. ఎప్పుడొస్తాడో చెప్పలేదు.

అప్పుడు గోనెపట్టాలు విప్పాం.

చేతులు ఆనించుకునే చోట అటొకటి ఇటొకటి రెండు సింహాలు. నోళ్ళు తెరిచి, కోరలు బయటపెట్టి, నిలువెల్లా బంగారు రంగు జూలుతో. వీపు మీది శిఖరంలో రెండు నెమళ్ళు ముక్కుకు ముక్కు ఆనించుకుని.

ప్రాణుల బొమ్మలున్న గదిలో మేం నమాజు చదవం. అలాంటి ఇంట్లోకి దైవదూతలు రారని మా నమ్మకం. నమ్మకమంటే నాకు పండగకు వేసుకునే చొక్కా కాదు, రోజూ ఒంటి మీద ఉండేదే. గోనెపట్టా అంచు పట్టుకునే మా ఆవిడ వైపు తిరిగాను.

"సింహాలు కాదులే," అంది మా ఆవిడ. "కుక్కలేమో."

"కుక్కలైతే ఇంకా మేలా? కుక్కలుండే ఇంట్లోకి గూడా రారు."

ఆమె ముఖం చూస్తే ఏం కళ్ళ ముందు కదులుతోందో నాకు తెలిసింది. అంతకు ముందు ఏడాది, రొయ్యల గుంటలున్న ఒకరి ఇంట్లో ఇజ్తెమా పెట్టారు. వాళ్ళ హాలు గోడకు పరుగెత్తే గుర్రాల పటం, గోడంతా అదే. ఆపా గుమ్మంలోంచే చూసి, "అమ్మా, ఈ గదిలో నమాజు ఎట్టా అవుద్ది?" అని మెల్లగా అని, అందరినీ వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్ళిపోయింది. కోపంగా అని ఉంటే ఊరు మరిచిపోయేది. మెల్లగా అన్నది కాబట్టి ఎవరూ మరిచిపోలేదు. ఆ ఇంటి ఇల్లాలిని అప్పటి నుంచీ అందరూ గుర్రాలామె అనే పిలుస్తున్నారు. పటం తీసేసినా పేరు పోలేదు.

"శనివారం ఆపా గడప కాడి నుంచి ఎనక్కి తిరిగి పోతే," అంది మా ఆవిడ, "నేను సచ్చిందాకా సింహాలామెనే."

ఆ సాయంత్రం మసీదులో హజరత్ గారిని అడిగాను. ఆయన నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. కళ్ళు మూసుకుని విని, "తల ఉంటేనే బొమ్మ. తల లేకపోతే చెట్టూచేమ కింద లెక్క. తల తీసెయ్యి, లేదా కనపడకుండా చెయ్యి," అన్నారు. తర్వాత కొంచెం ఆగి, "సోఫా మెత్తగా ఉంటుందా?" అని అడిగారు.

తిరిగొస్తూ ఇనుప రంపం తెచ్చాను. నన్ను చూడగానే మా ఆవిడ సోఫా ఎక్కి కూర్చుని కుడి సింహం మెడ కౌగిలించుకుంది.

"తల లేని సింహం పక్కన ఆపా కూచ్చుంటదా? జిబా చేసి కోసిన పొట్టేలు పక్కన కూచ్చున్నట్టుండదూ?"

"ధర్మం చెప్పింది అది."

"కనపడకుండా చెయ్యమని గూడా చెప్పింది గదా. నీకు రంపమే ఇనపడిందా?"

ఆమెను వదిలేసి ఎడమ సింహం దగ్గరకు వెళ్ళాను. ఎడమ చేత్తో దాని గడ్డం పైకెత్తినట్టు పట్టుకుని రంపం మెడకు ఆనించాను. చెయ్యి ఆ పట్టుకు అలవాటు పడింది కదా, బక్రీదుకు పొట్టేలును కోసేటప్పటి మాటలు వాటంతటవే నోట్లోంచి వచ్చేశాయి. "బిస్మిల్లా, అల్లాహు అక్బర్" అన్నాను ఫైబరు సింహంతో. మా ఆవిడ పక్కున నవ్వింది. గోనెపట్టాలు విప్పాక ఆమె నవ్వడం అదే మొదలు. రంపం కింద పెట్టేశాను.

మర్నాడు పొద్దుటికి సింహాలకు ముసుగులు సిద్ధం. మెరూన్ మఖమల్, మెడ దగ్గర లాగి కట్టే నాడా, అంచుకు జరీ. నెమళ్ళు రెండింటికీ కలిపి ఒకే ముసుగు. చూడబోతే నికాహ్‌లో ఖుబూల్ అనడానికి కూర్చున్న పెళ్ళికూతుళ్ళలా ఉన్నారు ముగ్గురూ.

మా అమ్మకు కళ్ళు మసక. ఆకారాలు తప్ప ముఖాలు తెలియవు. ముందు గదిలోకి వచ్చి, సోఫాకు అటూ ఇటూ రెండు ఆకారాలు చూసి సలాం చెప్పింది. జవాబు రాలేదు. ఇంకోసారి గట్టిగా చెప్పింది. తర్వాత వంటగదిలోకి పోయి మా ఆవిడను పట్టుకుంది.

"అమ్మణ్ణీ, ఎవురే ఆ ఇద్దురూ? పొద్దున్నుంచి బిగుసుకోని కూర్చోనుండారు. టీ అన్నా ఇయ్యలా నువ్వు?"

"అత్తా, వాళ్ళు మనుషులు కాదు."

"తప్పు తప్పు! సలాముకు జవాబు చెప్పనోళ్ళయినా అట్టా అనకూడదు. ఇంటికొచ్చినోళ్ళు."

మేం చూసేలోపు రెండు గ్లాసుల టీ తీసుకెళ్ళి చెరొకరి ముందూ పెట్టింది. మధ్యాహ్నానికి టీ మీద తొరక కట్టింది. "తాగను గూడా తాగలా. శానా పెద్దింటోళ్ళేమో," అని ఆమె నొచ్చుకుంది.

ముసుగు నాకూ నచ్చలేదు. మూసిపెట్టిన చోటికే కన్ను పోతుంది. మఖమల్ కింద మూతి ఎత్తుగా, చెవులు నిక్కబొడుచుకుని తెలుస్తూనే ఉన్నాయి. "గుర్రాలామె వస్తే ముందు ఎత్తి చూసేది ఇదే," అని మా ఆవిడే ఒప్పుకుంది. ఇద్దరం సోఫా ముందు పీచు చాప మీద కూర్చుని సింహాల వైపు చూస్తూ ఉండిపోయాం. ఇంత గట్టి వస్తువు మా ఇంట్లోకి రావడం అదే మొదలు. మాకు తెలిసిన విద్య ఒక్కటే, గట్టిగా ఉన్నదాన్ని మెత్తగా చేయడం.

ఆలోచన ఎవరిదంటే ఇప్పుడు ఇద్దరం నాదంటే నాదంటాం. కొట్టు నుంచి బూరుగు దూది బస్తాలు తెచ్చాం. ముందు నోళ్ళు. కోరలకు తగులుకుని దూది చిరుగుతోంది, ఎంత కుక్కినా గొంతులోకి జారిపోతోంది. ఫైబరు బొమ్మ కదా, లోపలంతా డొల్ల. ఒక్కో సింహం చంటిబిడ్డ పరుపుకు సరిపోయే దూది తినేసింది. తర్వాత జూలు చుట్టూ స్పాంజి పట్టీలు, వాటి మీద మళ్ళీ దూది, పైన బంగారు రంగు మఖమల్ బిగించి లాగి, గుండీలు వేసి కుట్టేశాం. సింహాలు పోయి రెండు బంగారు గుమ్మడికాయలు వచ్చాయి. నెమళ్ళు కలిసిపోయి ఒక పనసకాయ అయ్యాయి. నేను సోఫా అందం తగ్గుతుందని ఆశపడ్డాను. అది ఇంకా పెరిగింది.

హజరత్ గారు వచ్చి గుమ్మడికాయను వేలితో నొక్కారు. "లోపల ఏముంది?"

"దూది."

"దూది లోపల?"

"మీరు చెప్పినట్టే, కనపడనిది."

ఆయన గడ్డం దువ్వుకుని, ఒకసారి సోఫాలో కూర్చుని లేచి, దువా చేసి వెళ్ళారు.

సాయంత్రం మా అమ్మ గుమ్మంలో నిలబడి వెతుక్కుంది. "ఆ ఇద్దురూ పోయినారా? ఒక మాటన్నా చెప్పలేదే."

శనివారం వచ్చింది. ఇజ్తెమా నాడు మగవాళ్ళు ఇంట్లో ఉండకూడదు. ఇంటి పక్క సందులో స్టవ్ పెట్టుకుని టీ కాచి, వంటగది కిటికీలోంచి అందించడం నా పని. అక్కడి నుంచి ముందు గది మాటలు వినపడతాయి. వినకూడనివైతే దూరం జరగాలి. ఆ రోజు జరగలేదు.

ఆపా గుమ్మంలో ఆగింది. ఆమె గోడలు చూస్తోందని, పైకప్పు చూస్తోందని, తర్వాత అటు చూస్తోందని చప్పుడు లేకపోవడాన్ని బట్టే నాకు తెలిసింది. నా చేతిలో టీ గరిటె అలాగే ఉండిపోయింది.

"మాషా అల్లాహ్. ఇల్లు శుభ్రంగా పెట్టుకున్నావమ్మా," అని ఆపా లోపలికి వచ్చింది.

"ఆపా, మీరు ఇక్కడ," అంది మా ఆవిడ. ఆ ఒక్క మాటలో ఆమె మిషను తొక్కిన ఏళ్ళన్నీ ఉన్నాయి.

"వద్దమ్మా. నేనెప్పుడూ కిందనే గదా," అని ఆపా చాప మీద కూర్చుంది.

ఆపా కింద కూర్చుంటే పైన ఎవరు కూర్చుంటారు? వచ్చినవాళ్ళు వచ్చినట్టే కింద సర్దుకున్నారు. గది నిండిపోయింది. ఒకరి మోకాలు ఒకరి వీపుకు తగులుతోంది, అంత సోఫా మాత్రం ఖాళీగా ఉంది.

"ఇంత పెద్ద సింహాసనం ఎవురికమ్మా?" గుర్రాలామె గొంతు. "రాణిగారు ఇంకా దిగలేదా?"

నవ్వులు వినపడ్డాయి. మా ఆవిడ నవ్వు అందులో లేదు.

దానికి తోడు ఆ రోజు ఆపా బోధకు ఎంచుకున్న విషయం నిరాడంబరత. నెల్లూరులోనే అనుకుని వచ్చిందట. ఇంటికి గోడలు చాలు, గోడలకు సున్నం చాలు, మనిషి కింద చాప చాలు అని చెప్పుకుపోతోంది. బంగారు సోఫాను చూడకుండా చెప్పడానికి పాపం చాలా కష్టపడిందని తర్వాత మా అమ్మ చెప్పింది, ఆమెకు ఎవరు చెప్పారో మరి. సందులో నాకు ప్రతి మాటా తేనెలా ఉంది. అంతలో టీ గ్లాసుల కోసం మా ఆవిడ వంటగది కిటికీ దగ్గరకు వచ్చి నా వైపు చూసింది.

"ఈ బయాన్ నువ్వు చెప్పిచ్చిందేనా?"

"అల్లాహ్ సాక్షిగా కాదు."

నమ్మలేదు. ఇప్పటికీ పూర్తిగా నమ్మినట్టు లేదు.

అసర్ వేళయింది. లేచి వరుసలు కట్టారు. మేం నమాజు చదివేది పడమర వైపు తిరిగి. అందరూ పడమరకు తిరిగారు. ఎదురుగా సోఫా.

సందులో నిలబడ్డ నాకు అప్పుడు తట్టింది. ఇది దూది ఎగిరే పని గది కావడం వల్ల ఇందులో ఎవరూ ఎప్పుడూ నమాజు చదవలేదు. మా అమ్మ, మా ఆవిడ వెనక గదిలో చదివేవారు, నేను మసీదుకు వెళ్ళేవాణ్ణి. సింహాల తలల గురించి అంత తలపోసిన మేం, ఏ గోడకు పెడుతున్నామన్నది ఆలోచించనే లేదు. ఇప్పుడు ఊళ్ళోని ఆడవాళ్ళంతా వరుసలు కట్టి, ఖాళీ సింహాసనం ముందు వంగబోతున్నారు.

"ఆపా," అంది ఎవరో మెల్లగా, "ఇదేందో దానికి దండం పెట్టేదానికి వచ్చినట్టుండాదే."

"కుర్చీ ఎదురుగా ఉన్నంత మాత్రాన నమాజు చెడదమ్మా," అంది ఆపా. ఆమె గొంతులోనూ ఇబ్బంది ఉంది. "కానీ మనసుకు బాగుండదు. కొంచెం పక్కకి జరపండి."

పక్కకు ఇంచు కూడా లేదు. గుర్రాలామె గొంతు సవరించుకుంది. పక్కింటి హాలు ఖాళీగానే ఉందని ఆమె అనబోతోందని నాకు తెలుసు, మా ఆవిడకు ఇంకా బాగా తెలుసు. గడప దాకా వచ్చిన ఆపా లోపలికి వచ్చి, కూర్చుని, బోధ చేసి, నమాజు దగ్గర లేచి పక్కింటికి పోవడం కన్నా మొదటే వెనక్కి తిరిగి ఉంటే నయం.

అప్పుడు వెనక గది గుమ్మంలోంచి మా అమ్మ గొంతు.

"మేయ్, నాకు కూచ్చునేదానికి ఏదన్నా ఎయ్యండే. ఆ ప్లాస్టిక్ కుర్చీ వొద్దు. రుకూకి వంగితే ముందుకి జారతది."

గాజుల చప్పుడు సోఫా వైపు కదిలింది. తర్వాత మా ఆవిడ గొంతు గది మొత్తం వినపడింది.

"తిప్పండి దీన్ని. పడమరకి తిప్పి ఎనక వరసలోకి తెద్దాం. మా అత్త దీని మీద కూచ్చోని చదువుద్ది."

ఆ తర్వాతి రాద్ధాంతాన్ని నేను చెవులతోనే చూశాను. "బిస్మిల్లా, ఎత్తండి!" "నా దుప్పట్టా తొక్కినావే!" "అటు కాదు, ఇటు!" "ఆపా, మీరెందుకు పట్టుకుంటుండారు, వదలండి!" ఒక గుండీ తెగి గోడకు టక్కున తగిలింది. మా ఊరి మగవాళ్ళు ఆటోలోంచి దించడానికే ఆయాసపడిన సోఫా ఆడవాళ్ళ చేతుల మీద గాల్లో సగం తిరిగి, వెనక వరుసలో పడమరకు మొహం పెట్టి కూర్చుంది.

మా అమ్మ వెళ్ళి మధ్యలో కూర్చుంది. "ఇంకా ముగ్గురు పడతారు," అంది చుట్టూ తడుముతూ. మోకాళ్ళు వంగక మూలల్లో గోడకు ఆనుకుని నిలబడే ముసలమ్మలు ఒక్కొక్కరే వచ్చారు. కుడి గుమ్మడికాయ పక్కన మా చిన్నత్త సర్దుకుంది. గుర్రాలామెకు కూడా సరిగ్గా అప్పుడే మోకాలి నొప్పి వచ్చింది. ఆమె ఎడమ గుమ్మడికాయ పక్కన కూర్చుంది.

నమాజు మొదలైంది. అంత ప్రశాంతత ఆ గది తన జన్మలో చూసి ఉండదు. నేను కూడా సందులోంచి కదిలి మసీదుకు పరుగెత్తాను. కాబట్టి తర్వాత జరిగింది మా ఆవిడ చెప్పగా విన్నదే. ఆమె ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఒకేలా చెబుతుంది, అందుకని నమ్ముతున్నాను.

సలాం తిప్పి నమాజు ముగించిన మరుక్షణం గుర్రాలామె కెవ్వుమంది.

"ఓరి నాయనో! ఈ దిండు కరస్తా ఉండాదే!"

లేచేటప్పుడు బరువంతా గుమ్మడికాయ మీద వేసిందట. దూది అణిగిపోయి మఖమల్ కింద కోర పైకి తేలింది. ఆమె మళ్ళీ తడిమింది. "పన్నే ఇది! దిండుకి పన్నుండాది! ఇదో, ఇంకోటి!"

గది మొత్తం మా ఆవిడ వైపు తిరిగింది. ఆపా ముందు వరుస నుంచి లేచి వచ్చి, గుమ్మడికాయ మీద చెయ్యి వేసి నొక్కింది. మూతి తగిలింది, దవడ తగిలింది. ఆమె తల ఎత్తింది.

"ఏందమ్మా ఇది?"

మా ఆవిడకు అబద్ధం నోటికి రాదు, వచ్చినా నమాజు చదివిన చోట చెప్పదు. "సింహం ఆపా. రెండుండాయి. పైన నెమళ్ళు గూడా ఉండాయి. తల కనపడకుండా దూది పెట్టి కుట్టేసినాం."

"నోట్లో గూడానా?"

"నోట్లోనే ఎక్కువ పట్టింది ఆపా."

ఆపా కళ్ళు దించుకుంది. ఆమె భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందేమోననుకుందట మా ఆవిడ. ఆపా ఓణీ అంచు నోట్లో కుక్కుకుంది, అచ్చం సింహం లాగానే, అయినా నవ్వు ఆగలేదు. ఆపా నవ్వడం ఊళ్ళో ఎవరూ అంతకు ముందు చూడలేదు. ముసలమ్మలు మొదలుపెట్టారు, తర్వాత గదంతా. గుర్రాలామె కూడా నవ్వక తప్పలేదు.

నవ్వు తగ్గాక ఆపా కళ్ళు తుడుచుకుని, "ప్రవక్త గారి ఇంట్లోనే బొమ్మలుండే తెరగుడ్డను చించి దిండ్లు చేసుకున్నారమ్మా," అంది. "దిండైపోయినాక దాని మీద చెయ్యి ఆనించుకోవడమే గదా, గౌరవించేది ఏముంది? మంచి పనే చేసినారు. కానీ వచ్చే నెలకు ఇంకొంచెం దూది పెట్టు. పెద్దోళ్ళకు గుచ్చుకుంటే కష్టం."

ఆ తెరగుడ్డ సంగతి నేనూ చదివాను. హజరత్ గారూ చదివారు. ఇద్దరికీ రంపమే తోచింది. మా ఆవిడకు మాత్రం ఆ మాటల్లో వినపడింది ఒక్కటే.

"వచ్చే నెలకు అనింది," అంది ఆ సాయంత్రం నాతో. "ఇన్నావా? వచ్చే నెలకు."

ఆ నెల నుంచి ఇజ్తెమా మా ఇంట్లోనే జరుగుతోంది. మోకాళ్ళ వాళ్ళ వరుస ఇంకెక్కడా లేదు కదా. రావడం మానేసిన ముసలమ్మలు కూడా ఆటోలు కట్టించుకుని వస్తున్నారు. ఎవరు ఏ వైపు కూర్చోవాలో వాళ్ళల్లో వాళ్ళకు గట్టి తగువులు నడుస్తున్నాయి. గుర్రాలామె పేరు కూడా మెల్లగా మారుతోంది. ఇప్పుడు ఆమెను పన్ను కరిచినామె అంటున్నారు.

సోఫా పడమరకు తిరిగే ఉంది. గుమ్మంలోంచి వచ్చినవాళ్ళకు ముందు కనిపించేది దాని వీపు, ప్లైవుడ్ చెక్క, తుప్పు పట్టిన మేకులు, షామియానా వాళ్ళ రంగు అక్షరాలు. మా ఇల్లు మొత్తంలో నా కంటికి నచ్చింది ఆ వీపు ఒక్కటే. మా ఆవిడ నిన్న దాని కొలత తీసుకుంది. మఖమల్ గుడ్డ కూడా కోసేసింది.

నేను ఇప్పటికీ పీచు చాప మీదే కూర్చుంటాను. ప్రతి ఇజ్తెమాకు ముందు శుక్రవారం నాడు సూది, దారం, గుప్పెడు దూది తీసుకుని సోఫా దగ్గరకు వెళ్తాను. గుమ్మడికాయ కింది కుట్టు విప్పి, చెయ్యి లోపలికి పెట్టి, కోరల మధ్య నుంచి దూది కుక్కుతాను. సముద్రపు గాలికి దూది తడిసి కుంగిపోతుందో, నిజంగానే లోపలికి మింగుతున్నాయో తెలియదు. ప్రతి నెలా మళ్ళీ ఆకలిగానే ఉంటాయి.

నా అలికిడి విని వెనక గదిలోంచి మా అమ్మ అడుగుతుంది.

"అబ్బయ్యా, ఆ ఇద్దురూ మళ్ళీ వచ్చినారా?"

"వచ్చినారమ్మా."

"ఏమన్నా పెట్టినావా వాళ్ళకి?"

"పెడుతుండానమ్మా."